కొండకింద సంత: ఒక్క నక్షత్రం ఇచ్చినాయనకు నర్సమ్మ జవాబు

పార్కింగ్ లేదట, బాత్రూమ్ లేదట, ఫొటో తీయబోతే ఒక ముసలమ్మ కేకలేసిందట. గిరిజన సంత కదా అని అంతదూరం వస్తే అన్నీ ప్లాస్టిక్ బకెట్లూ నైటీలేనట. అందుకని మా సంతకు ఆన్‌లైన్ రివ్యూలో అయిదుకు ఒక్క నక్షత్రం ఇచ్చి వెళ్ళిపోయాడు విశాఖ నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన. బాత్రూమ్ విషయంలో ఆయనతో నాకు పేచీ లేదు. ఆ మాటకొస్తే నా కోపమే పెద్దది, తర్వాత చెబుతాను. మిగతావాటికి మాత్రం జవాబు చెప్పకుండా ఉండలేను. ప్లాస్టిక్ బకెట్ ఎందుకు కొంటారో తెలియాలంటే ఊట దగ్గర్నుంచి ఇంటిదాకా ఆ ఏటవాలు దారిలో ఇత్తడి బిందె ఒక్కసారి మోసి చూడాలి. నైటీ సంగతి సరేసరి, బొబ్బిలిలో మా అమ్మా అదే వేసుకుంటుంది.

నేను ఏఎన్ఎంని, అంటే ఆరోగ్య ఉపకేంద్రంలో పనిచేసే నర్సుని. ఉండేది కొండమీద ఊళ్ళో, ఉపకేంద్రం వెనక గదిలో. సంత రోజున నా డ్యూటీ సంతలోనే. గాజులమ్మే ఆయన పక్కన ఒక బల్ల వేస్తారు. దాని మీద మలేరియా కిట్లు, బీపీ మిషను, మాత్రల డబ్బా. మధ్యాహ్నం జనం పలచబడ్డాక సంచి తీసుకుని వారానికి సరిపడా నా సరుకులు నేను కొనుక్కుంటాను. కాబట్టి ఇది ఓ పూట చూసిపోయిన మనిషి రాసింది కాదు, ఈ సంత లేకపోతే ఆ వారం కూరలోకి ఉల్లిపాయ లేని మనిషి రాసింది.

సంత పేరు రాయను. అల్లూరి సీతారామరాజు జిల్లా, పాడేరు వైపు అనుకోండి, చాలు. పేరు రాస్తే లంబసింగి మంచు చూసి వచ్చే కార్లన్నీ ఇటు తిరుగుతాయి. అరకు సంత చూశారుగా, అక్కడ ఇప్పటికే అమ్మేవాళ్ళకంటే సెల్ఫీలు తీసుకునేవాళ్ళే ఎక్కువ కనిపిస్తున్నారు.

ముందు పైనున్న ఊరి సంగతి చెప్పాలి, అది తెలియకపోతే కిందున్న సంత అర్థం కాదు. నలభై గడపల ఊరు. వెయ్యి మీటర్లకు పైనే ఎత్తు. చలికాలం తెల్లవారుజామున బయట ఆరేసిన బట్ట బిగుసుకుపోతుంది. జూన్ దాటితే అక్టోబరు దాకా వానా ముసురే. జీపు గెడ్డ దాకా, అంటే కొండవాగు దాకా వస్తుంది, ఆ పైన నడకే. దిగడానికి గంట పైన, నెత్తిమీద బరువుతో ఎక్కడానికి దానికి రెట్టింపు. గెడ్డ పొంగిన రోజున జీపూ లేదు, నడకా లేదు. నొప్పులొచ్చిన మనిషిని డోలీ కట్టి దించాల్సింది కూడా ఆ దారినే. అందుకే నెలలు నిండిన ఆడవాళ్ళని వారం పది రోజులు ముందుగానే కిందికి పంపించెయ్యమని నేను ఇల్లిల్లూ తిరిగి పోరుపెడుతుంటాను.

కరెంటు ఉంది. గాలి గట్టిగా వీస్తే పోతుంది, పోతే ఎప్పుడొస్తుందో చెప్పలేం. ఫోన్ సిగ్నల్ కావాలంటే ఊరి పైనున్న పెద్ద బండ ఎక్కాలి. అక్కడ సాయంత్రం పూట కుర్రాళ్ళు వరసగా కూర్చుని ఉంటారు. నా ఆన్‌లైన్ రిపోర్టులు కూడా ఆ బండ మీదనుంచే వెళతాయి. కొట్టు అనదగ్గది ఒకే ఒక్కటి, ఒకావిడ ఇంటి కిటికీ. అందులో బీడీలు, బిస్కెట్లు, షాంపూ ప్యాకెట్లు, అగ్గిపెట్టెలు. రేషన్ బియ్యానికి కింద పంచాయతీ ఊళ్ళో ఉన్న జీసీసీ (గిరిజన సహకార సంస్థ) డిపోకి వెళ్ళాలి. పల్లంలో మెట్లు మెట్లుగా వరి, పైన పోడులో చోళ్ళు (రాగులు), సామలు, కందులు, సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ. తిండిగింజలు చాలావరకు ఊళ్ళోనే పండుతాయి. పండనివి ఉప్పు, ఎండు చేప, నూనె, ఉల్లి, సబ్బు, బట్ట. అవన్నీ కొనాలంటే చేతిలో డబ్బు ఆడాలి. ఆ డబ్బు పుట్టేదీ, ఖర్చయ్యేదీ ఒకే పూట, ఒకే చోట. అదే ఈ సంత.

సంత రోజు ఊరంతా చీకటి ఉండగానే లేస్తుంది. మగవాళ్ళు కావిడి, ఆడవాళ్ళు నెత్తిమీద మూట. చంటిపిల్లలు వీపున గుడ్డ ఉయ్యాల్లో. కోడిపుంజు ఎవరో ఒకరి చంకలో. గెడ్డ దగ్గర ఆగే జీపులో లోపల ఎంతమంది పడతారో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. పైన మూటలు, మూటల మీద కుర్రాళ్ళు, వెనక కడ్డీ పట్టుకుని మరో నలుగురు. మనిషికి 50 రూపాయలు, మూటకు వేరే. ఈ ప్రయాణానికి నక్షత్రాలు ఇవ్వమంటే నేను ఇవ్వను. దేవుడికి ఓ దండం మాత్రం పెడతాను.

సంత జరిగేది ఒక చింతతోపు కింద. గుడారాల్లేవు. వెదురుబొంగులకు నీలిరంగు టార్పాలిన్ కట్టుకున్నవాళ్ళు షావుకార్లు, నేలమీద గోనెపట్టా పరుచుకున్నవాళ్ళు కొండవాళ్ళు. ఎవరు ఎవరో తెలుసుకోవడానికి ఇంతకంటే వేరే గుర్తు అక్కర్లేదు. రోడ్డు వైపు బట్టలు, సిల్వరు గిన్నెలు, ప్లాస్టిక్ సామాను. మధ్యలో కూరగాయలు, ఎండు మిరప, ఉల్లి. వెనక వైపు కోళ్ళు, మేకలు, పందులు. ఓ మూల కమ్మరి కొలిమి. కత్తికి, గొడ్డలికి, పారకు సానపట్టి ఇస్తాడు, కొత్తవీ అమ్ముతాడు. సంతలో నాకు అన్నిటికంటే నచ్చిన సేవ ఆయనదే. పోయినేడు తీసుకున్న కత్తిపీట ఇప్పటికీ గుమ్మడికాయను అవలీలగా కోస్తోంది, మొండిబారితే ఊరికే పదును పెట్టిచ్చాడు. కుట్టుమిషను పెట్టుకుని కూర్చునే దర్జీ ఉన్నాడు. పొద్దున గుడ్డ ఇస్తే తిరిగి వెళ్ళేలోపు జాకెట్టు చేతికొస్తుంది. కొలతలు మాత్రం కంటితోనే తీస్తాడు కాబట్టి వదులుగానే వస్తుంది. ఫోన్లు బాగుచేసే కుర్రాడి దగ్గర చార్జింగ్ పెట్టించుకునేవాళ్ళ వరస ఎప్పుడూ ఉంటుంది, ఫోనుకు 10 రూపాయలు.

ఎండు చేపల వరస గురించి తీరిగ్గా చెప్పాలి. వాసనకు ముక్కు మూసుకుని వెళ్ళిపోతే సంతలో సగం చూడనట్టే. సముద్రం ఒడ్డునుంచి బుట్టల్లో వస్తాయి. నెత్తళ్ళు, సావళ్ళు, కానాగంతలు, ఉప్పులో ఊరి గట్టిపడిన పెద్ద ముక్కలు. కొండ ఇళ్ళలో వానాకాలం కూర అంటే ఇదే. ముసురు పట్టి అడుగు బయట పెట్టలేని రోజుల్లో చోడి అంబలి, అందులోకి పొయ్యిమీద కాల్చిన నాలుగు నెత్తళ్ళు, పచ్చిమిరప. నేను మొదట్లో మొహమాటపడి తిన్నాను, ఇప్పుడు అడిగి పెట్టించుకుంటాను. అమ్మే ఆవిడ భీమిలి వైపు మనిషి. సరుకు బాగుంటుంది. ఇసక ఉండదు. గుప్పెడు తీసి చేతిలో నలిపి చూపిస్తుంది, పొడిపొడిగా విరిగితే మంచిదనీ, మెత్తగా వంగితే తేమ పట్టిందనీ కొనేవాళ్ళకు తనే చెబుతుంది. తక్కువ డబ్బుకు కొనేవాళ్ళని విసుక్కోదు. 20 రూపాయలకు కూడా ఆకులో పొట్లం కట్టి ఇస్తుంది. నర్సుగా నాకున్న చిక్కల్లా ఈ చేపలోని ఉప్పుతోనే. నా బల్ల దగ్గర బీపీ ఎక్కువ చూపించిన ముసలాళ్ళకి ఎండు చేప తగ్గించమని చెబుతాను. వాళ్ళు తలూపి, నా కళ్ళెదురుగానే ఆ వరసలోకి నడుచుకుంటూ పోతారు.

ఉప్పు అన్నాను కాబట్టి ఇంకో మాట. వానలకు కొండమట్టిలో అయోడిన్ కొట్టుకుపోతుంది. ఆ నేలలో పండినదే తిని బతికేవాళ్ళకు గొంతు వాపు రాకుండా కాపాడేది అయోడిన్ కలిపిన ప్యాకెట్ ఉప్పే. అయోడిన్ కలపని ఉప్పును తినడానికి అమ్మడం దేశమంతా 2006 నుంచి నిషేధం. అయినా ఈ సంతలో బస్తా విప్పి కళ్ళుప్పు సోల లెక్కన కొలిచి పోసేవాళ్ళు ఒకరిద్దరు ఉన్నారు. పశువులకని చెబుతారు. కొనేవాళ్ళు ఇంటికి తీసుకెళ్ళి కూరలో వేసుకుంటారు, చవక కదా. అయోడిన్ ఉప్పుకు గుర్తు నవ్వే సూర్యుడి బొమ్మ, అది ఉన్న ప్యాకెట్ కొనండమ్మా అని నేను వారం వారం అరుస్తూనే ఉంటాను. ఆ బొమ్మ ఇప్పుడు పిల్లలకు బాగా తెలిసిపోయింది. తల్లుల చెయ్యి పట్టి ఆ కొట్టువైపు లాగుతుంటారు. ఇంతకీ ఆ కళ్ళుప్పు బస్తా మీకు కనిపిస్తే కొనకండి.

ఇక కొండవాళ్ళు తెచ్చి అమ్మే సరుకు. బయటనుంచి వచ్చేవాళ్ళకి ఈ సంతలో కొనదగ్గవి ఇవే, వీటి నాణ్యతకు మాత్రం అయిదుకు అయిదు ఇస్తాను. ఏది ఎప్పుడు వస్తుందో తెలిసి రావాలి. వానలు పడీపడగానే పుట్టగొడుగులు, వెదురు కొమ్ములు. దసరా చుట్టుపట్ల సీతాఫలాలు గంపలకొద్దీ. పైన కొండల్లో చెట్టున పండబోతున్నప్పుడు కోసి తెస్తారు కాబట్టి మరునాటికే మెత్తబడతాయి, కారులో మూడు రోజులు తిప్పే ఆలోచన ఉంటే మానుకోండి. నవంబరులో వలిసెపూల పొలాల్లో ఫొటోలు దిగేవాళ్ళు ఆ వలిసెల నూనె ఎలా ఉంటుందో ఒక్కసారి అడగరు. చలికాలంలో రాజ్‌మా వస్తుంది, ఎరుపూ, చారలదీ. నానబెట్టి ఉడికిస్తే తోలు విడిపోకుండా లోపల వెన్నలా అవుతుంది. పట్నంలో ప్యాకెట్‌లో కొన్న రాజ్‌మాతో నాకు ఎప్పుడూ అలా రాలేదు. సంక్రాంతి దాటాక పసుపు, అల్లం. ఫిబ్రవరి నుంచి కొండచీపుర్లు, చింతపండు. అడ్డాకులు, కుంకుడుకాయలు, పిప్పళ్ళు, పిప్పలిమోడి (పిప్పలి తీగ వేరు) దాదాపు ఎప్పుడూ ఎవరో ఒకరి దగ్గర ఉంటాయి.

పసుపు కొనేవాళ్ళకు ఒక చిన్న సలహా. మెరుగు పెట్టి పచ్చగా మెరిసే కొమ్ముల వైపు వెళ్ళకండి. మట్టిరంగులో, గరుకుగా, చూడ్డానికి అందవిహీనంగా ఉన్నదాన్ని విరిచి చూడండి. లోపల ముదురు నారింజ రంగు ఉంటే అదే తీసుకోండి. తేనె విషయంలో మాత్రం నేను ఎవరికీ హామీ ఉండను. తెలిసిన ఇంటినుంచి తెప్పించుకుంటాను తప్ప సంతలో సీసా కొనను.

కాఫీ గురించి అడుగుతారని తెలుసు. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. దేశదేశాలకు వెళుతోంది, సంతోషం. నవంబరు నుంచి మూడు నెలలు మా ఊళ్ళో ప్రతి వాకిట్లో కాఫీ గింజలు ఆరుతుంటాయి. పిల్లలు బడి మానేసి ఎర్రటి పళ్ళు కోయడానికి పోతారు. సంతలో ఆ బస్తాలు కాటా ఎక్కి లారీల్లోకి పోతాయి. కానీ తాగుదామంటే ఈ సంతలో ఎక్కడా కాఫీ దొరకదు. దొరికేది టీ, చిక్కటి పాలూ బోలెడు చక్కెరా పోసినది, 10 రూపాయలకు. ఊళ్ళోనూ అంతే, అంబలి తాగుతారు, లేదంటే నల్ల టీ. నాకు పైనున్న ఇంటావిడ ఒకామె పెనం మీద వేయించి, రోట్లో దంచి కాచి ఇచ్చిన కాఫీ ఒకసారి తాగాను. పొగ వాసన కొట్టింది. అయినా నిజం చెబుతున్నా, మళ్ళీ అడిగాను.

ఇప్పుడు తూకం సంగతి. కొనే మనిషిగా ఈ సంతకు నాలుగు నక్షత్రాలు ఇస్తాను. మూట మోసుకుని దిగే మనిషిగా అయితే రెండే ఇవ్వగలను. ఎందుకంటే అసలు సంత చింతతోపులో మొదలవ్వదు. దానికి కిలోమీటరు ముందు, మలుపు దగ్గరే మొదలవుతుంది. జీపు దిగీదిగగానే అక్కడ కాచుక్కూర్చున్న కొనుగోలుదారుల మనుషులు మూటలు నెత్తిమీదనుంచి దించేసుకుంటారు. "ఇటు తే, ఇటు తే" అంటూ గుంజుకోవడమే, బేరం ఆడటం కాదు. చేత్తో పట్టుకునే తక్కెడ, ముల్లు ఎటు వాలుతుందో పట్టుకున్నవాడి బొటనవేలికే తెలుసు. ఆ పైన తరుగు. తేమ ఉందని కొంత, గోనె బరువని కొంత, మట్టి అంటుకుందని కొంత. కిలోలకు కిలోలు అలా కరిగిపోతాయి. ఇప్పుడు కొందరు ఎలక్ట్రానిక్ కాటాలు తెచ్చారు. కాటా మారింది గానీ తరుగు మారలేదు.

చదువుకున్న పిల్లలున్న ఇళ్ళు కొంత నయం. మా ఊరి పదో తరగతి పిల్ల ఒకతె పసుపు మూటను ముందు ఇంట్లో తూచుకుని, బరువు అరచేతి మీద పెన్నుతో రాసుకుని దిగింది. షావుకారు చెప్పిన లెక్కకూ చేతిమీద లెక్కకూ పొంతన కుదరలేదు. ఆ పిల్ల చెయ్యి చాపి చూపించింది. పెద్ద గొడవేం జరగలేదు. ఆయన ఓసారి నవ్వి, మళ్ళీ తూచాడు. రెండోసారి బరువు పెరిగింది. పక్కనున్న నలుగురూ చూశారు. ఆ తర్వాతి వారం నుంచి నా బల్ల దగ్గరికి వచ్చి పెన్ను అడిగేవాళ్ళు మొదలయ్యారు.

మరి ప్రభుత్వం లేదా అంటారు. ఉంది. ఇందాక చెప్పిన జీసీసీ 1956 నుంచి ఉంది. చింతపండు, కుంకుడు, చీపుర్లు, నరమామిడి చెక్క లాంటి అటవీ సరుకులకు ధర ప్రకటించి కొంటుంది. ఆ ధర ఎంతో తెలిసిన మనిషిని మోసం చెయ్యడం షావుకారికి కష్టమే. అందుకే ఆ ధరల కాగితం చదివి వినిపించమని నా దగ్గరికి వచ్చేవాళ్ళూ ఉన్నారు. మందులతో పాటు అదీ చదువుతాను. కానీ సమస్య ధరలో లేదు, అప్పులో ఉంది. జూలై, ఆగస్టుల్లో గాదె ఖాళీ అవుతుంది, కొత్త సామలు ఇంకా చేతికి రావు, ఇంట్లో జ్వరం. అప్పుడు వెయ్యో రెండువేలో ఇచ్చిన షావుకారికి చలికాలంలో సరుకు వెయ్యక తప్పదు, అతను చెప్పిన ధరకే. ఏజెన్సీలో వడ్డీవ్యాపారాన్ని కట్టడి చేస్తూ 1960లోనే రెగ్యులేషన్ వచ్చింది, భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1/70 చట్టం వచ్చింది. మా వైపు భూమి చాలావరకు నిలిచింది, కానీ షావుకారు తన ఎర్ర అట్ట పుస్తకంలో రాసుకున్న ఆ రెండువేలు మాత్రం ఏ చట్టానికీ కనిపించకుండా ఏటికేడు నడుస్తూనే ఉన్నాయి.

అందుకే నా మాట ఒకటి: కొండవాళ్ళ దగ్గర బేరమాడకండి. పది రూపాయలు తగ్గించుకుని ఏదో గెలిచినట్టు కారెక్కేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. టార్పాలిన్ కింద కూర్చున్నవాళ్ళతో కావాల్సినంత బేరమాడుకోండి, వాళ్ళు తట్టుకుంటారు.

కేకలేసిన ముసలమ్మ ఎవరో నాకు తెలుసు. పిప్పలిమోడి అమ్ముతుంది. ముక్కుకు మూడు పోగులు, చేతులనిండా పచ్చబొట్లు, అందుకే ప్రతి కెమెరా ఆమె దగ్గరే ఆగుతుంది. "ఏటి మామ్మా, ఆ బాబుని అలా తిట్టీసావట?" అని అడిగాను. "తిట్టక? నా గోనెపట్టా మీద బూటుకాలెట్టి నిలుసున్నాడు నర్సమ్మా. బోణీ నేదు, బేరం నేదు. ఈ మొకం ఎందుకంట ఆడికి?" అంది. నా దగ్గర జవాబు లేదు. ముందు ఏదైనా కొని, పక్కన కూర్చుని, ఆ తర్వాత అడిగినవాళ్ళకు ఆమె తలకు చీరచెంగు సర్దుకుని మరీ ఫొటో ఇవ్వడం చూశాను.

తిండికి వస్తే, పొద్దున్నే వెళితే ఇడ్లీ, పూరీ వేడిగా దొరుకుతాయి. పూరీలోకి బఠానీ కూర బాగుంటుంది. పదకొండు దాటాక నూనె నల్లబడుతుంది, బజ్జీల జోలికి పోకండి. మిక్చరు, జిలేబీ పిల్లలకోసం అందరూ కొని తీసుకెళతారు, జిలేబీలో రంగు ఎక్కువ. జీలుగుకల్లు వచ్చే కాలంలో వెనక వైపు కుండలు పెడతారు. పొద్దున తాగితే తియ్యగా ఉంటుందట. మధ్యాహ్నానికి అది ఏమవుతుందో నా బల్ల దగ్గరికి వచ్చే తలలు పగిలిన కేసులు చెబుతాయి. మాంసం కొనాలనుకుంటే మీ కళ్ళముందు కోసినదే తీసుకోండి. మా వైపు ఆంత్రాక్స్ భయం ఉంది. జబ్బుచేసి చచ్చిన మేకను కోసి చవగ్గా అమ్మితే, దాన్ని ముట్టుకున్న చేతులమీద నల్లటి పుండ్లు లేస్తాయి. చవక మాంసం వద్దు అన్నది డాక్టరు మాట కింద తీసుకోండి.

నా బల్ల గురించి నేనే చెప్పుకుంటే బాగోదు గానీ, సంతలో ఉచితంగా దొరికేది అదొక్కటే కాబట్టి చెబుతాను. జ్వరం ఉన్నవాళ్ళకి వేలు గుచ్చి చుక్క రక్తం తీస్తే ఇరవై నిమిషాల్లో మలేరియా ఉందో లేదో తేలిపోతుంది. ఏ రకమో కూడా తెలుస్తుంది. ఫాల్సిపేరం అయితే మూడు రోజుల మందు అక్కడే మొదలు. వైవాక్స్ అయితే ప్రైమాక్విన్ 14 రోజులు వేసుకోవాలి. రెండో రోజుకే జ్వరం తగ్గితే మిగతా మాత్రలు చూరులో దోపేస్తారు, నాకున్న పెద్ద తలనొప్పి అదే. 2023లో కేంద్రం సికిల్‌సెల్ (రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే పుట్టుజబ్బు) మిషన్ మొదలుపెట్టాక ఆ పరీక్షలూ కలిశాయి. ఇంటింటికీ తిరిగి అడిగితే పొలానికి పోయారనే జవాబు, సంతలో అయితే అందరూ దొరుకుతారు. గర్భిణి తల్లి కిందికి వస్తే చాలు, గాజులు చూస్తుండగానే బరువు, బీపీ, రక్తం మూడూ చూసేస్తాను. గాజులాయన కూడా సహకరిస్తాడు, నేను కళ్ళతో సైగ చేస్తే గాజులు నెమ్మదిగా తొడుగుతాడు.

సంబంధాలు కుదిరేదీ ఇక్కడే. పై ఊరి పిల్లాడు, అవతలి కొండ పిల్ల చూసుకునేది ఇక్కడ, తగువులు తేల్చుకునేది ఇక్కడ, ఒడిశా వైపు పెళ్ళయి వెళ్ళిన కూతురు తల్లిని కలుసుకునేది కూడా ఇక్కడే. ఈ ఆడవాళ్ళు టీ బడ్డీ వెనక కూర్చుని మాట్లాడుకుంటుంటే వాళ్ళ భాష నాకు సగం అర్థం కాదు. ఆ చోటు మాత్రం ఎప్పుడూ ఖాళీ ఉండదు. సరుకు అమ్ముడైనా, కాకపోయినా, చాలామంది వచ్చేది దానికోసమేనేమో అనిపిస్తుంది.

ఇక బాత్రూమ్. ఇన్ని వందలమంది ఆడవాళ్ళు చీకటితో బయల్దేరి సాయంత్రం దాకా ఉండే చోట ఒక్క మరుగుదొడ్డి లేదు. తాగేనీళ్ళ కొళాయి ఒకటి ఉంది, అది ఎండాకాలం రాదు. తోపు వెనకనున్న గెడ్డగట్టే గతి, అక్కడా మగవాళ్ళు తాగుతూ కూర్చుంటారు. దాంతో ఆడవాళ్ళు ఏం చేస్తారంటే, సంతరోజు నీళ్ళు తాగరు. పొద్దున అంబలి కూడా మానేస్తారు. మిట్టమధ్యాహ్నం బరువుమూటతో కొండెక్కుతూ కళ్ళుతిరిగి పడిపోతారు. మూత్రంలో మంట అని నా దగ్గరికి వచ్చే ఆడవాళ్ళలో ఎంతమంది సంత మర్నాడు వస్తారో రిజిస్టరు తిరగేస్తే ఎవరికైనా తెలుస్తుంది. ఒక్క నక్షత్రం ఇచ్చిన పెద్దమనిషికి ఇబ్బంది కలిగింది ఒక్క పూట, అదీ కారులో ఎక్కడో ఆపుకుంటే తీరిపోయేది. ఈ విషయంలో నేను సున్నా ఇస్తాను. ఇచ్చే వీలు లేదు గానీ.

అన్నీ కలిపి మూడు నొక్కాను. ఎవరికైనా ఆ అంకె తక్కువనిపిస్తే నాతో వాదించొద్దు, మరుగుదొడ్డి కట్టించమని అడగండి, నాలుగు చేస్తాను.

రావాలనుకునేవాళ్ళకి: చిల్లర తెచ్చుకోండి. ఫోన్‌తో డబ్బు కట్టే బొమ్మ ఒకరిద్దరు షావుకార్ల దగ్గర ఉంది గానీ సిగ్నల్ వాళ్ళ మాట వినదు, కొండవాళ్ళ దగ్గర అయితే ఆ ప్రశ్నే లేదు. గుడ్డసంచులు తెచ్చుకోండి. తొమ్మిదిలోపు వస్తే మంచి సరుకు దొరుకుతుంది, రెండు దాటితే మిగిలేది నైటీలే, అప్పుడు మళ్ళీ ఒక్క నక్షత్రం అంటారు. కారు రోడ్డు మీద అడ్డంగా పెట్టకండి, బడి గోడ పక్కన చోటుంది. వానాకాలంలో దోమల మందు రాసుకునే రండి, మలేరియా తగిలితే ఇంటికెళ్ళాక పది పన్నెండు రోజులకో, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగానో బయటపడుతుంది, అప్పుడు మీ డాక్టరుకు ఏజెన్సీకి వెళ్ళొచ్చామని మరచిపోకుండా చెప్పండి. తిరుగు జీపు మూడున్నరకి. నాలుగింటి జీపు కూడా ఉంది, కానీ ఆ డ్రైవరు మధ్యాహ్నం ఎక్కడ కూర్చున్నాడో చూసుకుని ఎక్కండి.